కూడి చేయు వ్యాయామము

“ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు చేనిలో పాటుపడు రైతునకు వేఱుగా వ్యాయామ మెందులకు?” అని గ్రామములలో మమ్ము పలువురు అడుగుచుందురు. ఈ ప్రశ్న యొకప్పుడు న్యాయమైనదే. అరక కట్టి దున్నినవాడును, మోట తోలినవాడును, వరికట్టలు మోసినవాడును, సంతకు కాలినడకను పోయి వచ్చినవాడును వ్యాయామశాలకు పోనక్కఱ లేకుండెను. నేడు దుక్కి ట్రాక్టరు చేయుచున్నది. నీరు మోటారు తోడుచున్నది. కోతయు నూర్పిడియు నొక్క యంత్రమే ముగించుచున్నది. చేనికి పోవుటకు మోటారు సైకిలు కలదు. రైతుచేతికి మిగిలినది పర్యవేక్షణము, లెక్క, బేరము, నిరీక్షణము. ఇవి మనస్సునకు శ్రమయే గాని శరీరమునకు శ్రమ గావు.

మిగిలిన శారీరకశ్రమయైనను ఏకరీతిగా నుండదు. ఊడ్పుల దినములలో నడుము విఱుగునట్లు వంగుట, పిమ్మట మాసముల తరబడి అరుగుమీద కూర్చుండుట. ఎరువు వేయునాడు 45 కిలోగ్రాముల యూరియా బస్తాను ఒక్క యూపున భుజమున కెత్తుట, పిమ్మట చెంబుకంటె బరువైన వస్తువు నెత్తకుండుట. ఏడాదిలో మూడు వంతులు కొట్టములో నిలిపి, ఒక్కనాడు విప్పి, సాయంకాలము లోపల రెండెకరములు దున్నుమనిన ఎద్దు బలియునా? చెడును. మన శరీరమును ఎద్దుకంటె మేలుగా చూచుకొనుచున్నామని చెప్పజాలము.

కూర్చుండి చేయు పనికిని, కదలుచు చేయు పనికిని గల భేదమును 1953వ సంవత్సరమున జెరెమీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును స్పష్టముగా జూపిరి. వారు లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించిరి. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్ల కొఱకు మెట్లెక్కుచు దిగుచుండును. ఇరువురును ఒకే బస్సులో పనిచేయువారే. అయినను గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగను, డ్రైవర్లలో హెచ్చుగను కనిపించెను. ట్రాక్టరుమీద కూర్చుండువాడును ఈ విషయమున డ్రైవరే యని మనము గ్రహింపవలయును.

మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది యని భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే ననుసరించి 2023వ సంవత్సరమున ప్రకటింపబడినది. అనగా పెద్దవారిలో నూటికి 11.4 మంది. పల్లెలు దీనికి వెలి గావు. ఈ వ్యాధి పట్టణపు ధనికులదని యెంచుకాలము గడచిపోయినది.

మా స్వానుభవము

ఈ లెక్కలలో మేమును ఒకరము. మా నలువదినాలుగవ యేట వైద్యుడు రక్తపరీక్ష కాగితమును మా చేతి కిచ్చి, చక్కెర హెచ్చుగా నున్నదనియు, మందుతోపాటు ప్రతిదినము నడక తప్పదనియు చెప్పెను. మా తండ్రిగారు ఈ వ్యాధి వలననే కంటిచూపు కోల్పోయిరి గావున మాకు భయము కలిగెను. ఆ భయముతో మఱునాడే కాలువగట్టున నడువ నారంభించితిమి. పదునొకండు దినములు నడచితిమి. పండ్రెండవనాడు వాన కురిసెను. పదమూడవనాడు వాన లేదు గాని మేమును పోలేదు.

రెండవమారు, మంచి జోడు కొన్నచో బుద్ధి నిలుచునని తలంచి కొంటిమి. ఆ జోడు చాలకాలము క్రొత్తగనే యుండెను. మూడవమారు, ఒక పుస్తకమున దినచర్య వ్రాసికొని మాసము చివరవఱకు గడులు గీసితిమి. కోతలు వచ్చెను, గ్రామములు తిరుగవలసి వచ్చెను, గడులు ఖాళీగా మిగిలెను. ఆరంభశూరత్వమున మేమెవ్వరికిని తీసిపోలేదు.

మేము రైతులకు విత్తనశుద్ధి చేయుడని, భూసారపరీక్ష చేయింపుడని యేండ్ల తరబడి చెప్పి, వారు విని, తలయూపి, చేయకున్నచో విసుగు చెందినవారము. తెలియుట వేఱు, చేయుట వేఱు అను సంగతి ఆ సంవత్సరము మాకే బోధపడినది. వ్యాయామము మేలని మాకు తెలియక కాదు. మేము ఒంటరిగా నుంటిమి, అదియే లోపము.

ఒంటరి సంకల్ప మేల నిలువదు?

సంఘమునుండి అప్పు తీసికొన్నవానికి వాయిదా కలదు. వాయిదానాడు చెల్లింపనిచో కార్యదర్శి యడుగును, హామీదారు అడుగును, ఇంటిలోని యిల్లా లడుగును. కావున అతడెట్లయినను సొమ్ము కూర్చును. వ్యాయామమునకు అట్టి వాయిదా లేదు. నేడు చేయకున్న నడుగువా డెవ్వడును లేడు. చేయనందున నేడే నష్టము కనబడదు. చేసినందున నేడే లాభమును కనబడదు. ఇట్లు ఒంటరిగా సంకల్పించినవాడు తన వ్యాజ్యమునకు తానే ముద్దాయియు తానే న్యాయాధిపతియు నై, ప్రతిదినము తన్ను నిర్దోషిగా విడిచిపెట్టుకొనును. దీనినే మనము “వాయిదా వేయుట” యందుము.

ఇట్లు వాయిదా వేయుటకు శరీరధర్మ మొప్పుకొనదు. కండరములు పనిచేయునపుడు రక్తములోని చక్కెరను లోనికి గ్రహించును. ఈ గుణము పనిచేసిన దినమునను, మఱునాడును, కొంతమేరకు మూడవనాటివఱకును నిలిచి, పిమ్మట తగ్గిపోవును. అందుచేతనే మధుమేహము గలవారు వరుసగా రెండు దినములకంటె హెచ్చుగా వ్యాయామము మానరాదని వైద్యులు చెప్పుదురు. కూరగాయల మడికి వారము దినముల తడి నంతయు నొక్క ఆదివారమున పెట్టిన నేమగునో అందఱు నెఱుగుదురు. ఒకప్పుడు మునుగును, ఒకప్పుడు ఎండును. దేహమునకును తడి వంతులవారీగా, తప్పక అందవలయును.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020వ సంవత్సరమున నిర్ణయించిన పరిమాణము ఇది: పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములవఱకు మధ్యరకపు శ్రమ చేయవలయును, వారమున రెండు దినములైనను కండరముల బలము పెంచు పనులు చేయవలయును, 65 యేండ్లు దాటినవారు వారమునకు మూడు దినములు తూలిపడకుండ నిలుకడ నిచ్చు అభ్యాసములును చేయవలయును. 150 నిమిషములనగా దినమున కఱగంట చొప్పున అయిదు దినములు. ఇది గొప్ప పరిమాణము గాదు. కష్టమంతయు పరిమాణమున లేదు, ఎడతెగక చేయుటయం దున్నది. ఆ యెడతెగనితనము నిచ్చునది సంఘము.

పదుగురిలో శక్తి పెరుగుట

మనుష్యుడు తోడున్నపుడు ఒంటరిగా నున్నప్పటికంటె హెచ్చు పనిచేయునని ఊడ్పుల పాటలు వినినవారందఱు నెఱుగుదురు. దీనిని శాస్త్రజ్ఞులును పరీక్షించిరి. 1898వ సంవత్సరమున అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అను నాతడు సైకిలు పందెముల లెక్కలు పరిశీలించి, ఒంటరిగా కాలముతో పోటీ చేసినవానికంటె ఇతరులతో కూడి త్రొక్కినవాడు వేగముగా పోవుటను గమనించి ప్రకటించెను. తరువాత 1920 ప్రాంతపు సంవత్సరములలో ఓటో కోలర్ అను జర్మను పండితుడు బెర్లినులోని పడవపందెముల సంఘమువారితో బరువు లెత్తించి చూచెను. ఇద్దఱు జతగా నెత్తునపుడు, వారిలో బలహీనుడు తాను ఆగినచో జతయు ఆగవలసి వచ్చునను తలంపుతో, ఒంటరిగా చేసినదానికంటె హెచ్చుసే పోర్చుకొనెను. ఆ జతలో బలముల భేదము మితముగా నున్నపుడే ఈ ప్రయోజన మధికముగా కలిగెను. జోడెద్దులను కొను రైతునకు దీనిని విడమరచి చెప్పనక్కఱ లేదు.

నడకసంఘములను గుఱించి వేఱువేఱు దేశములలో జరిగిన 42 పరిశోధనలను, అనగా 1843 మంది వివరములను, ఇంగ్లండులోని పండితు లిద్దఱు క్రోడీకరించి 2015వ సంవత్సరమున ప్రకటించిరి. గుంపుగా నడచినవారికి రక్తపుపోటు తగ్గెను; విశ్రాంతిగా నున్నప్పటి నాడి వేగము తగ్గెను; దేహములోని క్రొవ్వు తగ్గెను; మనోవ్యాకులత కొంత తగ్గెను. వారిలో హెచ్చుమంది నడుమ మానకుండ సాగిరి, ప్రమాదములు బహుస్వల్పము. ఇందులో యంత్రము లేదు, రుసుము లేదు. నడక మాత్రమే కలదు.

ఇతరుల మార్గము, మన పూర్వుల మార్గము

జపానుదేశమున 1928వ సంవత్సరము నవంబరు 1వ తేదిని రేడియోమూలమున వ్యాయామము నేర్పుట ఆరంభమయ్యెను. దానికి పూనుకొన్నవారిలో తపాలాశాఖవారి జీవితబీమా విభాగము ముఖ్యమైనది. బీమాదారులు ఆరోగ్యముగా నుండిన బీమాసంస్థకును లాభమే గదా! నేటికిని ఉదయము 6.30 గంటలకు ఆ వ్యాయామము రేడియోలో వచ్చుచున్నది. వేసవి సెలవులలో బాలురు వాడవాడలనుండి వచ్చి, పెద్దలతో నిలిచి, చేయుదురు. వచ్చిన ప్రతి బాలుని చీటిమీద నొక ముద్ర వేయుదురు. ఆ ముద్రకు వెల లేదు. అయినను బాలుడు దానికొఱకు పెందలకడ లేచును.

లండను నగరమున బుషీ పార్కు అను తోటలో 2004వ సంవత్సరము అక్టోబరు 2వ తేదిని 13 మంది చేరి 5 కిలోమీటర్లు పరుగెత్తిరి. మఱు శనివారమును అదే గంటకు, అదే చోట చేరిరి. అదియే ‘పార్క్‌రన్’ అను పేర పలు దేశములకు వ్యాపించినది. పరుగెత్తలేనివాడు నడువవచ్చును, నడువలేనివాడు కాలము వ్రాయవచ్చును. రుసుము లేదు. ప్రతి నడకలోను చివర నొక స్వచ్ఛందసేవకు డుండును. అందఱికంటె వెనుక వచ్చుటయే అతని పని. కావున తక్కినవారిలో నెవ్వడును “నేను కడపటివాడను” అని సిగ్గుపడ నవసరము లేదు. ఈ చిన్న యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది.

ఇవి పరదేశపు మాటలని త్రోసివేయ నక్కఱ లేదు. మన గ్రామములలో తాలింఖానాలు లేకుండెనా? బాలురు గురువునెదుట దండెములు, బస్కీలు తీసి, కఱ్ఱసాము నేర్చుట గుంపుగనే గదా! వీరఘట్టమున జన్మించిన కోడి రామ్మూర్తినాయుడుగారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులై, తమ బలమును తమకే దాచుకొనక యువకులకు నేర్పిరి. చెక్కభజనలో చిందులు త్రొక్కువాడు తాను వ్యాయామము చేయుచున్నానని యెఱుగడు. కోలాటమున గంటసేపు తిరిగిన స్త్రీ “అలసితిని” అనదు, “ఇంకొక కోపు వేయుదము” అనును. నలుగురితో నారాయణ యను మాట మనదే. పని మాఱినపుడు, కాలము మాఱినపుడు, ఆ కూడికలు సడలెను. వానిని మరల కట్టుకొనుటయే మనము చేయవలసినది.

సంఘము నేర్పఱచు విధము

మేము నివసించు గ్రామమున సహకార సంఘపు గిడ్డంగి యెదుట నొక విశాలమైన కళ్లము కలదు. అచట తొమ్మండుగురితో మేమొక వ్యాయామసంఘము నారంభించితిమి. అందువలన నేర్చుకొన్న సంగతుల నీ క్రింద వ్రాయుచున్నాము.

మొదటిది, సంఖ్య. ఎనిమిదిమందికి తక్కువయైన ఇద్దఱు రానిదినమున ఉత్సాహము చెడును. పదునైదుగురు మించినచో రానివాని సంగతి యెవ్వరికిని తెలియదు. పెరిగినచో రెండు గుంపులు చేయుట మేలు.

రెండవది, చోటు, కాలము. ఈ రెండును మార్పరాదు. “రేపు వీలునుబట్టి” యనువారికి రేపెన్నడును రాదు. మేము ఉదయము 5.30 గంటలకు చేరి 6.15కు ముగింతుము. ముగ్గురే వచ్చినను ఆరంభింతుము. పెద్దవారు రాలేదని నిలువము.

మూడవది, క్రమము. మొదట అయిదు నిమిషములు కీళ్లు సడలించుట. పిమ్మట అఱగంట చుఱుకైన నడక. ఎంత చుఱుకనగా, ప్రక్కవానితో మాటాడగలిగియు పాట పాడలేనంత. వారమున రెండు దినములు నడక కొంత తగ్గించి, అరుగుమీదనుండి చేతు లూనక పదిమార్లు లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి త్రోయుట, రెండు చేతులతో సమానమైన బరువులు పట్టి కొంతదూరము నడచుట. వృద్ధులు గోడప్రక్కను నిలిచి, ఒంటికాలిమీద పది యంకెలు లెక్కించుట. చివర మెల్లగా నడచి ముగించుట.

నాల్గవది, నడకవేగము. ముందు నడచువా డెవ్వడైనను, గుంపు నొంటరిగా విడిచి పోరాదు. చుఱుకైనవాడు దూరముపోయి వెనుదిరిగి వచ్చి కలిసికొనవలయును. ఒకడు ప్రతిదినము కడపట వంతువారీగా నడువవలయును. పోటీ పెట్టినచో మొదటి ముగ్గురు సంతోషింతురు, తక్కినవారు ఇంటికడ నిలుతురు.

అయిదవది, పట్టీ. సంఘపు పొదుపుపుస్తకమువలె నొక పుస్తకమున పేరు, తేది, వచ్చినదియు రానిదియు గుఱుతు పెట్టవలయును. మాసమున కొకమారు బరువు, నడుము కొలత, వీలైనచో రక్తపుపోటు వ్రాయవలయును. ఈ యంకెలు ఎవనివి వానికే, సభలో చదువరాదు.

ఆఱవది, మిక్కిలి ముఖ్యమైనది. వరుసగా రెండు దినములు రానివాని యింటికి ఆ సాయంకాలమే ఇద్దఱు పోవలయును. జరిమానా వేయరాదు, ఎత్తిపొడువరాదు. క్షేమ మడిగి, “రేపు మీకొఱకు చూతుము” అని చెప్పి రావలయును.

ఈ యాఱవ నియమమే మమ్ము నిలిపినది. ఆరంభించిన రెండవ మాసమున మా పాత గుణము మరల తల యెత్తినది. నాలుగు దినములు పోలేదు. మూడవనాడు వచ్చిన ఇద్దఱితోను పనియున్నదని చెప్పి పంపితిమి. అయిదవనాడు తెల్లవాఱుజామున వాకిట నిలిచి, మాకంటె ఇరువదియేండ్లు పెద్దవాడైన రైతు, “బాబుగారూ, మీరు మా చేలకు వచ్చి చెప్పిన మాట మేము వింటిమి. మా మాట మీరు వినరా? లేవండి, చీకటి విడుచుచున్నది” అని పిలిచెను. మేము లేచి జోడు తొడిగికొంటిమి. జోడు పాతబడుట ఆనాటినుండియే మొదలు.

సంఘమును చెఱచు కారణములు

కూడిక యెల్లపుడును సుఖముగా సాగునని చెప్పుట సత్యము గాదు. మొదటి శత్రువు పనుల కాలము. ఊడ్పులలోను కోతలలోను రైతు తెల్లవాఱకమునుపే చేనికి పోవలయును. అపుడు “పనులు ముగిసిన పిమ్మట చూతము” అని విడిచినచో సంఘ మచ్చటితో నంతమగును. కావున మేమొక యేర్పాటు చేసికొంటిమి. పనుల కాలమున వారమున కొక్కసాయంకాలము పది నిమిషములు మాత్రము చేరి నడుములు, తొడలు సాగదీసికొందుము. పూర్తి వ్యాయామము మరల నే తేదిని ఆరంభమగునో, సెలవిచ్చుటకు ముందే పట్టీలో వ్రాసి అందఱిచేత సంతకములు చేయింతుము. తేది లేని సెలవు మానుటయే.

ఒకదినము తప్పినందున సర్వము చెడినదని నిరాశ చెందరాదు. లండను విశ్వవిద్యాలయపు కళాశాలలో 96 మందిని పరిశీలించి 2010వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో, క్రొత్త పని అలవాటుగా కుదురుటకు సగటున 66 దినములు పట్టెను. కొందఱికి 18 దినములే చాలెను, కొందఱికి 254 దినములు పట్టునని లెక్క తేలెను. నడుమ నొక్కదినము తప్పుట వలన అలవాటునకు చెప్పుకోదగిన హాని కలుగలేదు. కాబట్టి పొరుగువానికి మాసములో కుదిరినది తనకు కుదురలేదని యెవ్వడును చింతింపరాదు. విత్తనపు జాతినిబట్టి పంటకాలము గదా!

రెండవ శత్రువు గ్రామకక్ష. కళ్లములో ఎన్నికల మాట, కులపు మాట, దావాల మాట తేగూడదని మొదటినాడే నిర్ణయించుకొంటిమి. ఒకరితో నొకరు మాటాడని ఇద్దఱు మా గుంపున కలరు. వారు నేటికిని మాటాడుకొనరు. అయినను ప్రక్కప్రక్కనే నడతురు. అంతవఱకు మేము చాలుననుకొంటిమి.

మూడవది, స్త్రీల విషయము. “ఇంటిపని చాలదా?” యని పురుషులు సులభముగా అందురు. ఇంటిపనియు నాట్లును స్త్రీని అలయించును గాని, తనకొఱకు తాను గడుపుకొను అఱగంటను ఈయవు. తెల్లవాఱుజాము వారికి వీలుపడదు. కాని పొదుపుసంఘపు స్త్రీలకు కూడుట క్రొత్త గాదు. మా గ్రామమున వారు సాయంకాలము వేళ, తమ సమావేశస్థలముననే కోలాటము నభ్యసించుచున్నారు. ఆ గంట వారిదిగా నుండవలయునన్నచో, ఆ గంటసేపు ఇంటిలో పిల్లలను, పొయ్యిని చూచుట పురుషుల వంతు. ఈ వాక్యమును పురుషులు రెండుమార్లు చదువగోరెదము.

జాగ్రత్తలు

గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము గలవారును, చాలకాలము కదలక యున్న నలువదియేండ్లు దాటినవారును ఆరంభమునకు ముందు వైద్యుని సలహా గొనవలయును. నడుచుచుండగా ఎదలో నొప్పి, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు బాధ, కన్నులు చీకట్లు క్రమ్ముట, మితిమీఱిన ఆయాసము కలిగినచో వెంటనే నిలిచి, ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలయును. ఇన్సులిను గాని, చక్కెరను తగ్గించు మాత్రలు గాని వాడువారు జేబులో చక్కెరయో బెల్లమో యుంచుకొనవలయును. చెమట, వణకు, తడబాటు తోచినచో తినవలయును. మందులను తమంతట తాము మానరాదు. మధుమేహము గలవారు వట్టి కాళ్లతో నడువరాదు. ప్రతిరాత్రి అరికాళ్లు చూచుకొనవలయును.

ఈ కడపటి మాటను మేమొక కారణముచేత నొక్కి చెప్పుచున్నాము. మా గుంపులో అఱువదియైదేండ్ల పెద్దయొకరు వరుసగా రెండు దినములు రాకుండిరి. నియమము ప్రకార మిద్దఱు పోయి చూచిరి. చెప్పు ఒఱసికొని బొటనవ్రేలిప్రక్క పుండు పడియుండెను. మధుమేహము వలన పాదములలో స్పర్శ తగ్గియుండుటచేత ఆయనకు నొప్పి తెలియలేదు. “కుంటుచు వచ్చిన నలుగురు నవ్వుదురని నిలిచితిని, దానంతటదియే మానునులే” అనెను. వారు ఆయనను మఱునాటివఱకు ఉంచక ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఇంకను కొన్ని దినములు గడచినచో వ్రేలు తీసివేయవలసి వచ్చెడిదని వైద్యుడు చెప్పెను. పుండు మానుటకు నెలన్నర పట్టెను. ఆ నెలన్నరయు ఆయన ఉదయము 5.30కు కళ్లమునకు వచ్చి, కుర్చీలో కూర్చుండి, పట్టీ వ్రాసెను. వ్యాయామము చేయలేని దినములలోను ఆయన సంఘము విడువలేదు. సంఘమును ఆయనను విడువలేదు.

మా మట్టుకు మేము చెప్పవలసినది కొంచెమే. ఆరుమాసములకు మా రక్తములోని చక్కెర తగ్గినది. మందు మానలేదు గాని వైద్యుడు దాని మోతాదు తగ్గించెను. మేము మునుపటికంటె దృఢసంకల్పులము కాలేదు. వాన కురియు ఉదయమున నేటికిని లేవ బుద్ధిపుట్టదు. అయినను ఎనమండుగురు కళ్లములో నిలిచి మా త్రోవ చూచుచుందురని తెలిసి లేచెదము.

బీదవాడు ఒంటరిగా పోయినచో అప్పు పుట్టనికాలమున, పదుగురు ఒకరికొకరు పూచీపడి సంఘముగా నిలిచినందున పరపతి పుట్టెను. 1904వ సంవత్సరమున మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది మొదలు ఈ యనుభవము గ్రామగ్రామమున కలదు. ధనమునకు పనికివచ్చిన ఆ పూచీ దేహమునకును పనికివచ్చును. ప్రతి సంఘపు పాలకవర్గమువారును రాబోవు సర్వసభ్యసమావేశమున ఈ విషయము నొకటి చేర్చి, గిడ్డంగి యెదుటి ఖాళీస్థలమును, ఒక దీపమును, ఒక పుస్తకమును ఈ కార్యమునకు ఇత్తురుగాక. సభ్యులు తమ ప్రక్కయింటి నొకనిని పిలిచి, రేపటి యుదయమునకు గంట నిర్ణయించుకొందురుగాక. ఇద్దఱు కూడిన దినమే సంఘ మారంభమైనట్లు.